జ్వరమే కదా అనుకున్న రాత్రి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పుటలో క్యాన్సర్ గురించి వచ్చే వ్యాసాలను కొన్నేళ్లుగా చదువుతున్నాను. వ్యాధి ఎందుకు వస్తుంది, తొలి దశలో ఎలా గుర్తించాలి, కొత్తగా ఏ మందులు వచ్చాయి అన్న విషయాలు వాటిలో వివరంగానే ఉంటున్నాయి. అయితే చికిత్స నడుస్తుండగా ఏదో ఒక రాత్రి పరిస్థితి ఉన్నట్టుండి తారుమారైతే, రోగి పక్కన ఉన్న మనిషి ఏం చేయాలన్నది నాకు ఎక్కడా కనిపించలేదు. అది తెలియకపోతే ఏమవుతుందో మా చెల్లెలి విషయంలో అనుభవించాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ అని తేలిన మూడు వారాలకే కీమోథెరపీ మొదలైంది. రెండో కీమో అయిన పదో రోజు రాత్రి ఆమెకు చలి పుట్టి ఒళ్లు వెచ్చబడింది. అలసట వల్ల వచ్చిన జ్వరమే కదా అనుకుని, థర్మామీటరు పెట్టి చూడకుండానే పారాసిటమాల్ బిళ్ల ఇచ్చి, దుప్పటి కప్పి, తెల్లవారాక చూద్దామన్నాను. గంటలో ఒళ్లు చల్లబడడంతో నిశ్చింతగా పడుకున్నాను కూడా. తెల్లవారుజామున ఆమె మంచం దిగి నిలబడలేకపోయింది. ఆసుపత్రి క్యాజువాల్టీలో "జ్వరం, నీరసం" అని మాత్రమే చెప్పాను. అందరితో పాటు మమ్మల్నీ వరుసలో కూర్చోబెట్టారు. అటుగా వెళ్తున్న ఒక నర్సు చెల్లెలి తలకు కట్టిన గుడ్డ చూసి ఆగి, "కీమో ఎప్పుడు ఇచ్చారు?" అని అడిగింది. నేను చెప్పిన జవాబు విన్నాక అక్కడ ఎవరూ మమ్మల్ని కూర్చోమనలేదు.

ఆ తర్వాత డాక్టరు చెప్పినదాని సారాంశం ఇది. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు, రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. చాలా రకాల కీమోలలో 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోతాయి. వార్డులో దీన్నే "కౌంట్ పడిపోయింది" అంటారు. సూక్ష్మజీవులతో ముందుగా తలపడే న్యూట్రోఫిల్ కణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గితే చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. చీము పట్టడానికి, వాపు రావడానికి కూడా ఆ కణాలే కావాలి కాబట్టి చాలాసార్లు జ్వరం తప్ప మరో గుర్తు ఉండదు, కొందరిలో వణుకు తప్ప జ్వరం కూడా ఉండదు. అందుకే కీమో తీసుకుంటున్నవారికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే అది రాత్రయినా పగలైనా ఆసుపత్రికి వెళ్లవలసిన జ్వరం. చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ రక్తనాళంలోకి ఎక్కాలన్నది వైద్యులు పెట్టుకునే లక్ష్యం. నేనిచ్చిన బిళ్ల జ్వరాన్ని తగ్గించలేదు, దాచిపెట్టింది.

చెల్లెలు తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చింది. పాత డిశ్చార్జి కాగితాలు తిరగేస్తే, ఈ హెచ్చరిక మూడో పేజీ అడుగున, నాకు అర్థంకాని వైద్య పరిభాషలో, ఒక్క పంక్తిలో ఉంది. ఉన్నదాన్ని చదవకపోవడం నా తప్పే, కాదనను.

ఆ తొమ్మిది రోజుల్లో పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. వారం రోజులుగా మగతగా ఉంటూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, నీళ్లు నీళ్లని అడుగుతుంటే, ఇక చివరి ఘడియలే అనుకుని కొడుకు బంధువులందరికీ కబురు పెట్టాడు. నొప్పికి ఇస్తున్న మార్ఫిన్ వల్లే ఇలా అయిందని ఆ బంధువుల్లో ఒకరు తీర్పు కూడా చెప్పేశారు. రక్తపరీక్షలో తేలింది వేరు: కాల్షియం విపరీతంగా పెరిగింది. సెలైన్, దాంతో పాటు కాల్షియం తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించాక, నాలుగో రోజు ఆయన కళ్లు విప్పి, "ఏరా, ఇంతమంది వచ్చారేమిటి?" అని కొడుకుని అడిగారు. కాల్షియం తగ్గినంత మాత్రాన ఆయన క్యాన్సర్ పోలేదు. కానీ సరిదిద్దగలిగిన దాన్ని అంతిమ దశగా పొరబడి ఇంట్లోనే ఉంచేసే కుటుంబాలు ఎన్ని ఉంటాయోనని ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో కొత్తగా వచ్చిన వెన్నునొప్పి, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం కూడా అలాంటివే. వెన్నుపాము నలుగుతోందేమో అదే రోజు చూపించాలి, ఎందుకంటే నడక పూర్తిగా పోయాక చికిత్స చేసినా అది తిరిగి రావడం కష్టం.

రోగికి అండగా ఉండడమంటే ధైర్యం చెప్పడమేనని నేనూ నమ్మాను. కౌంట్ 200కి పడిపోయిన సంగతి చెల్లెలికి దాచి, "ఏం ఫర్వాలేదు, ధైర్యంగా ఉండు" అంటుంటే ఆమె విసుక్కుని, "ధైర్యం సంగతి తర్వాత, ముందు కౌంట్ ఎంతో చెప్పక్కా" అంది. చెప్పాను. ఆ రోజు నుంచి తన నోటు పుస్తకంలో తనే రాసుకుంటోంది. బంధువుల ఫోన్లు, వాళ్లు సూచించే చిట్కా వైద్యాలు మా మరిదికి అప్పగించాం. ఎవరికీ కోపం రాకుండా ఫోన్ పెట్టేసే నేర్పు అతనికి ఉంది.

మీకు నా విన్నపం ఒక్కటే. క్యాన్సర్ గురించి వ్యాసం వేసినప్పుడల్లా పక్కన ఒక చిన్న పెట్టె కట్టి, కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడని ఈ గుర్తులను ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే మాటల్లో ప్రచురించండి. క్యాజువాల్టీలో మొదట నోరు తెరిచినప్పుడు "జ్వరం" అని కాక, "కీమో తీసుకుని ఇన్ని రోజులైంది, జ్వరం ఇంత ఉంది" అని చెప్పాలని కూడా అందులో రాయించండి. ఇంటికి పంపేటప్పుడు ఇలాంటి కాగితం ఒకటి విడిగా, పెద్ద అక్షరాలతో, చదివి వినిపించి మరీ చేతికివ్వాలని ఆసుపత్రులనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మేం మా కాగితాన్ని చేత్తో రాసుకుని థర్మామీటరు పక్కనే గోడకు అంటించాం. చెల్లెలికి ఇంకా రెండు కీమోలు మిగిలి ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు