వార్షిక నివేదిక: ఈసారి సర్టిఫికెట్ మీద రెండు పేర్లు

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా కాలనీ పనులు. రెండో వీధి డ్రైనేజీ పూర్తయింది. పార్కు బోరుకు కొత్త మోటారు పెట్టించాం. సముద్రపు గాలికి తుప్పు పట్టిన మెయిన్ గేటుకు పెయింటు వేయించాం. వినాయక చవితి, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక ఈ నివేదిక వెనక జతచేశాం. సందేహాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి.

ఇక నేను వివరంగా చెప్పాలనుకున్నది ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు పెట్టిన పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీ గురించి.

నిరుడు పోటీ అయిపోయాక ఒక అమ్మమ్మగారు నా దగ్గరకొచ్చారు. "నాలుగు రాత్రులు మిషను మీద కూర్చున్నాను బాబూ. మనవడికి బహుమతి వచ్చింది, సంతోషమే. కుట్టిందెవరని మాత్రం ఒక్కరూ అడగలేదు" అన్నారు. సర్టిఫికెట్ రాసింది నేనే. ఆవిడకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ మాట ఏడాదంతా మనసులో ఉండిపోయింది.

ఈసారి అంశం "రాబోయే కాలం" అనుకున్నాం. సన్నాహక సమావేశంలో మన లైబ్రరీ చూసుకునే అమ్మాయి మర్టిల్ డగ్లస్ గురించి చెప్పింది. 1904లో పుట్టిన ఈ అమెరికన్ సైన్స్ ఫిక్షన్ అభిమానిని తోటివాళ్లు మొరోజో అనేవారు. అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవడానికని తయారుచేసిన ఎస్పరాంటో భాషలో తన పేరు పొడి అక్షరాలతో పెట్టుకున్న మారుపేరు అది.

1939 జులైలో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. రెండు వందల మంది దాకా వచ్చారు. అందరూ మామూలు బట్టల్లో ఉంటే, లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చిన ఇద్దరు మాత్రం భవిష్యత్తు మనుషుల్లా తయారై వచ్చారు. ఒకరు ఫారెస్ట్ అకర్‌మన్, రెండోవారు మొరోజో. వీధిలో పిల్లలు తనను కామిక్స్ హీరో అనుకుని కేకలేశారని అకర్‌మన్ తర్వాత చెప్పుకునేవాడు. "సై-ఫై" అనే మాటను వాడుకలోకి తెచ్చిన అకర్‌మన్ పేరు చాలామందికి తెలుసు. పచ్చ కేప్‌తో ఆయన దిగిన ఫోటో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రెండు జతలూ కుట్టింది మాత్రం మొరోజో.

మరుసటి ఏడాది చికాగో సమావేశానికి ఇంకా చాలామంది వేషాలు వేసుకొచ్చారు, పోటీ కూడా పెట్టారు. కథల్లోని, సినిమాల్లోని పాత్రల్లా తయారయ్యే ఈనాటి కాస్‌ప్లేకు మూలం అక్కడుంది. 1941లో డెన్వర్ సమావేశానికి మొరోజో కప్ప ముఖంతో వెళ్లింది. ఆ మాస్కు చేసిచ్చిన కుర్రాడు రే హ్యారీహౌసెన్. తర్వాత సినిమాల్లో బొమ్మలను కదిలించి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

నాకు అంతకన్నా నచ్చింది మరొకటి. పాఠకుల ఉత్తరాలతోనే నడిచే ఒక చిన్న పత్రికను మొరోజో, అకర్‌మన్ కలిసి తెచ్చారు. 1939 నుంచి 1947 దాకా యాభై సంచికలు. స్టెన్సిల్ మీద టైపు చేయడం, సైక్లోస్టైల్ తీయడం, పిన్నులు కొట్టడం, పోస్టులో వేయడం. మనలో పెద్దవాళ్లకు ఆ సిరా మరకలు గుర్తుండే ఉంటాయి. యుద్ధం రోజుల్లో ఎక్కడెక్కడో ఉన్న అభిమానులు ఒకరినొకరు పలకరించుకోవడానికి అలాంటి కాగితాలే దారి. మొరోజో 1964లో కన్నుమూసింది.

అది విన్నాక కమిటీలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సర్టిఫికెట్ మీద "ధరించినవారు", "కుట్టినవారు" అని రెండు గీతలు వేయించాం.

పోటీ రోజు మధ్యలో కరెంటు పోయి పిల్లలు చెమటలు కక్కారు. టెన్షన్ పడ్డాం కానీ ఒక్కరూ వేషం విప్పలేదు. ఐదో తరగతి పాప సముద్రం అడుగున కాపురముండే మనిషిగా వచ్చింది. కురుపాం మార్కెట్‌లో కొన్న నీలం శాటిన్ గౌను, చెవుల దాకా నిటారుగా లేచిన కాలరు. అంత మెత్తని గుడ్డ ఎలా నిలబడిందా అని దగ్గరకెళ్లి చూశాను. లోపల పాత ఎక్స్‌రే ఫిల్మును పట్టీలుగా కత్తిరించి, గుడ్డ మడిచి, చేత్తో సన్నగా కుట్టారు. వెలుతురుకు పెడితే మోచేతి ఎముక కనిపించింది. అది తాతయ్యదని పాప చెప్పింది. కుట్టినవారి గీత మీద, నిరుడు నన్నడిగిన ఆ అమ్మమ్మగారి పేరుంది. మైకులో చదివితే పాప "ఇంకోసారి చదవండి అంకుల్" అంది. మళ్లీ చదివాను.

వేషాలను దాచడానికి ఆఫీసు గదిలో ఒక ట్రంకు పెట్టె పెట్టాం. కలరా ఉండలు వేశాం, ఉప్పు గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లు తెప్పించాం. కుట్టినవారి పేర్లకు ఒక రిజిస్టరు కూడా తెరిచాం. ఇళ్లల్లో పాత వేషాలుంటే ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు లోపు తెచ్చివ్వండి. కుట్టింది ఎవరో చీటీ మీద రాసి తప్పకుండా జతచేయండి.

ఇట్లు,
కార్యదర్శి