పూణేలో మా అమ్మాయిని చూసుకున్నవాళ్లకు కృతజ్ఞతలు

పూణేలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయికి గత నెల అర్ధరాత్రి కడుపునొప్పి వచ్చింది. అపెండిసైటిస్ అన్నారు. మేముండేది ఖమ్మంలో. సికింద్రాబాద్ వెళ్లి రైలెక్కి అక్కడికి చేరేసరికి ఆపరేషన్ కూడా అయిపోయింది. "ఆకలేస్తోంది, ఏం తినొచ్చో అడుగమ్మా" అంటోంది. ఈలోపు జరిగిందంతా వేరేవాళ్లు చేసిందే. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

ముందు రూమ్మేట్. లాతూర్ పిల్ల. వార్డెన్ మేడమ్‌ను నిద్ర లేపి, ఆటోలో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లింది. అది మా ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లో లేదు, కౌంటర్‌లో డిపాజిట్ కట్టమన్నారు. మేడమ్ తన కార్డు గీకి చేర్పించారు. తల్లిని నేనైతే సంతకం పెట్టింది ఆవిడ.

ఆ రాత్రి ఫోన్ చేయగానే ఎత్తింది మా మరిది స్నేహితుడు. హైదరాబాద్‌లో టీపీఏలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు చూసే చోట పనిచేస్తాడు. మా పాలసీ వాళ్ల దగ్గరికి వచ్చేది కూడా కాదు. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే సౌకర్యం, అడగొచ్చని, 2024 జనవరి నుంచి ఆ వెసులుబాటు ఉందని చెప్పాడు. ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. అప్పటికప్పుడు మా ఆయనతో మెయిల్ పెట్టించాడు. ఆసుపత్రివాళ్లను మరాఠీలో ఒప్పించింది మళ్లీ ఆ లాతూర్ పిల్లే.

డిశ్చార్జి రోజు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి బిల్లుకు ఫైనల్ అప్రూవల్ రాక సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. డిశ్చార్జి రిక్వెస్ట్ అందిన 3 గంటల్లో తేల్చాలని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే సర్క్యులర్‌లో ఉంది. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. ఆ మాటే రాసి మెయిల్ పెట్టమన్నాడు ఆ టీపీఏ తమ్ముడు. కాసేపటికే అప్రూవల్ వచ్చింది. గ్లౌజులు, అడ్మిషన్ ఛార్జీల్లాంటివి మాత్రం మేమే కట్టుకున్నాం.

ఇక మా ఏజెంటు అన్నయ్య. పాపకు సీటొచ్చిన ఏడాది రెన్యూవల్‌కు వచ్చి, "పాప ఏ ఊళ్లో చేరిందమ్మా?" అని అడిగారు. మా పాలసీలో ఊళ్లను జోన్లుగా విడగొట్టారు. ఖమ్మం అడ్రసుతో తక్కువ ప్రీమియం కట్టి పూణేలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత వాటా మనమే పెట్టుకోవాలట. ఆయన జోన్ మార్పించారు. ప్రీమియం పెరిగిందని మా ఆయన అప్పుడు గొణిగారు లెండి. కాలేజీ ఫీజులో ఇన్సూరెన్స్ ఉంది కదా అంటే, ఆ కాగితాలు తెప్పించి చదివి, అది ప్రమాదాలకే తప్ప జబ్బులకు రాదని చూపించారు. పాలసీ వివరాలుండే ఈ-కార్డు పాప ఫోన్‌లోనే కాదు, రూమ్మేట్ ఫోన్‌లోనూ పెట్టించింది ఆయనే. ఆ రాత్రి పనికొచ్చింది ఆ రెండో కార్డే. మా పాప ఫోన్ హాస్టల్ గదిలోనే ఉండిపోయింది.

వార్డెన్ మేడమ్ కట్టిన డబ్బు వెళ్లగానే ఇచ్చేశాం. పాప మళ్లీ క్లాసులకు వెళ్తోంది. మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.