ఐసీయూలో రెండో వారం: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

గుంటూరులో చాలా ఏళ్లు ఐసీయూ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. హైవే మీద యాక్సిడెంటయి వచ్చినవాళ్లనీ, కాన్పు తర్వాత సెప్సిస్‌తో వచ్చిన తల్లులనీ చూశాను. గండం గడిచిందని చెప్పిన కొద్ది రోజులకే కొందరికి మళ్లీ జ్వరం, నిమోనియా. "ఆపరేషన్ బాగా జరిగిందన్నారు కదమ్మా, మళ్లీ ఇదేంటి?" అని ఇంటివాళ్లు అడుగుతారు. డాక్టర్ల మీద అనుమానం మొదలయ్యేది అక్కడే.

సెప్సిస్ అంటే రక్తంలో క్రిములు చేరడం ఒక్కటే కాదు. ఇన్ఫెక్షన్‌తో శరీరం చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం. పెద్ద గాయాలైతే క్రిమి లేకుండానే అలాంటి పోరాటం మొదలవుతుంది. నలిగిన కణాల నుంచి బయటపడిన మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్ఏ బ్యాక్టీరియా డీఎన్ఏని పోలి ఉంటుంది, శరీరం దాన్ని శత్రువనుకుంటుంది.

ఈ పోరాటం పైకి కనిపిస్తుంది. కనిపించనిది ఇంకొకటి ఉంది. దాదాపు అదే సమయంలో లింఫోసైట్లు (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) పెద్ద ఎత్తున చనిపోతాయి. వాటిలో ఒక రకమైన టీ కణాలు, మిగిలినవి కూడా సరిగా స్పందించవు. మోనోసైట్లనే ఇంకో రకం తెల్లకణాల మీద హెచ్ఎల్ఏ-డీఆర్ అనే ప్రొటీన్ తగ్గిపోతుంది, దాంతో క్రిమిని పట్టి మిగతా కణాలకు చూపించే శక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు మామూలు మనిషిని ఏమీ చేయలేని క్రిములు, ఫంగస్, ఒంట్లో ఎప్పటినుంచో అణిగి ఉన్న సైటోమెగలోవైరస్ కూడా విజృంభిస్తాయి.

ఇలా తగ్గిపోయిన రోగనిరోధక శక్తిని తిరిగి తెచ్చే మందు ఏదీ ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు, పరీక్షల్లోనే ఉన్నాయి. అందుకే కొత్త క్రిమిని రోగి దగ్గరికి రానివ్వకపోవడమే అసలు వైద్యం. అది నర్సుల చేతుల్లో ఉంది సార్. ఒక్క నర్సు నాలుగైదు వెంటిలేటర్లు చూస్తుంటే, ఒక మంచం దగ్గర అలారం మోగగానే చేతులు కడుక్కోకుండానే పరిగెత్తాల్సి వస్తుంది. అది నిర్లక్ష్యం కాదు, మనుషులు చాలకపోవడం. వెంటిలేటర్ ఉన్న ప్రతి మంచానికీ ఒక నర్సు ఉండేలా పోస్టులు భర్తీ చేయండి. అవసరం తీరిన సెంట్రల్ లైను (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం), యూరిన్ కాథెటర్ (మూత్రం గొట్టం) అదే రోజు తీసేయాలని గట్టిగా చెప్పండి.

నా రెండో విన్నపం దాదాపు ఖర్చు లేనిది. సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) ఎలాగూ చేస్తారు. అందులో అందరి చూపూ మొత్తం తెల్లకణాల మీదే ఉంటుంది. సెప్సిస్ మొదలైన నాలుగో రోజుకి కూడా లింఫోసైట్లు మైక్రోలీటరు రక్తానికి వెయ్యి దాటకపోతే ప్రమాద సూచనగా తీసుకుని, కేసు షీట్‌లో విడిగా రాయించండి. హెచ్ఎల్ఏ-డీఆర్ పరీక్షకు ఫ్లో సైటోమీటర్ అనే కణాలను పరీక్షించే యంత్రం కావాలి. గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రులకు, మంగళగిరి ఎయిమ్స్‌కు కలిపి ఆ ఏర్పాటు ఒక్కచోట చేసినా చాలు.

ఇంటికి వెళ్లినవాళ్ల సంగతి కూడా చూడాలి. సెప్సిస్ నుంచి బయటపడినవాళ్లలో చాలామంది నెలల్లోనే మళ్లీ ఇన్ఫెక్షన్‌తో తిరిగొస్తారు. డిశ్చార్జ్ కాగితం మీద ఆ జబ్బు పేరు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో తెలుగులో రాసివ్వండి. ఒక కాపీ ఆ ఊరి ఏఎన్ఎమ్‌కి పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు