ముగ్గు పోసేటప్పుడే ముసలివాళ్లను తలుచుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు కట్టుబడి పనుల దగ్గర సూపర్‌వైజరుగా చేశాను. ఆఖరి నాలుగేళ్లు హనుమకొండ పక్కన ఒక సైటులో డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టించాను. ఇప్పుడు హసన్‌పర్తి మండలంలోని సొంతూళ్లో ఉంటున్నాను. ఊళ్లో ఇందిరమ్మ ఇళ్లకు, అంటే ప్రభుత్వ సాయంతో ఇంటివాళ్లే కట్టుకునే ఇళ్లకు, ముగ్గులు పోస్తున్నారు. పునాది తవ్వే ముందు గోడలు ఎక్కడ వస్తాయో నేల మీద గీసే గీతలివి. పొద్దున నడకకు పోయినప్పుడల్లా ఆ ముగ్గుల దగ్గర ఆగుతున్నాను. వాటిని చూస్తుంటే ఒక అవ్వ గుర్తొస్తోంది.

మేం కట్టినవి జీ ప్లస్ త్రీ బ్లాకులు, అంటే కింది అంతస్తు, దాని మీద ఇంకో మూడు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు బాత్రూంలు. లిఫ్టు లేదు. ఆ అవ్వ మధ్యాహ్నం పూట వచ్చి ఇసుక కుప్ప పక్కన నీడలో కూర్చునేది. ‘ఇంకెన్నొద్దులు పడ్తది బిడ్డా?’ అని అడిగేది. ఇళ్లు పంచే లాటరీ డ్రాలో ఆమె పేరు వచ్చింది, కానీ మూడో అంతస్తు. అంతస్తుకు పద్దెనిమిది మెట్లు, కింద ఇంకో మూడు. దగ్గరుండి కట్టించినవాణ్ని కాబట్టి లెక్క బాగా గుర్తు. ఇల్లు చేరిన రోజు మనవలిద్దరు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకుపోయారు. ఆ తర్వాత పింఛనుకు వేలిముద్ర వేయడానికి తప్ప కిందికి దిగలేదు. ఏడాది తిరక్కముందే బాత్రూం గడప తట్టుకుని పడింది. తుంటి విరిగింది.

ఆ గడప పెట్టించింది నేనే. నీళ్లు హాల్లోకి రాకుండా నాలుగు అంగుళాల కట్ట కట్టడం మా పనుల్లో అందరికీ అలవాటు. తప్పని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. బాత్రూం మేర స్లాబును కొంచెం దించి పోసి, నేలను హాలు కంటే అర అంగుళం తగ్గించి, నీళ్లు పోయే జాలీ వైపు వాలు సరిగ్గా ఇస్తే గడప అవసరమే ఉండదు. కానీ ఈ మాట స్లాబు పోయడానికి కింద సెంట్రింగ్ అచ్చు కొట్టేటప్పుడే అనుకోవాలి. స్లాబు పడ్డాక అనుకుని లాభం లేదు.

దర్వాజల సంగతీ అంతే. బాత్రూంకు రెండున్నర అడుగుల దర్వాజ పెడతాం. చౌకట్టు మందం పోగా మిగిలేది ఇరవై ఐదు అంగుళాలు. మామూలు చక్రాల కుర్చీ వెడల్పే దాదాపు అంత ఉంటుంది. దర్వాజ మూడు అడుగులు పెడితే కుర్చీ సాఫీగా పోతుంది, అదనంగా పడే ఖర్చు చాలా కొద్ది. ఇక పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు రాడ్డు. బాత్రూం గోడ నాలుగున్నర అంగుళాలదే. టైల్స్ అయ్యాక డ్రిల్లు పెట్టి బిగించిన రాడ్డు మనిషి బరువు పడితే ఇటుకతో సహా ఊడి వస్తుంది. గోడ కట్టేటప్పుడే కమోడు పక్కన, మోకాలి కంటే కాస్త పైన, చిన్న కాంక్రీటు దిమ్మ పెట్టుకుంటే రేపు ఎవరైనా అక్కడ రాడ్డు బిగించుకోవచ్చు. ఒకటి రెండు తట్టల కాంక్రీటు మాలు, అంతే. మేస్త్రికి ముందే చెప్పాలి.

అందుకే అధికారులకు నా విన్నపం ఇందిరమ్మ ఇళ్ల గురించి. ఇక్కడ 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు. బేస్‌మెంట్, అంటే ఇంటి నేల మట్టం దాకా లేపే కట్టడం, అయితే ఒక విడత, గోడలు లేస్తే ఒకటి, స్లాబు పడితే ఒకటి, ఇల్లు పూర్తయితే మిగతాది. ఒక్కో దశలో ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు పడుతుంది. ఇంత మంచి ఏర్పాటు చేతిలో ఉంది. కొలతలు చూసేటప్పుడే ఈ ఇంట్లో ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఉన్నారా అని ఒక్క ప్రశ్న అడగండి. ఉంటే బేస్‌మెంట్ దశలో మెట్లకు బదులు వాలుగా ఎక్కే ర్యాంపుకు జాగా, గోడల దశలో దర్వాజ వెడల్పు, దిమ్మ చూడండి. అధికారులు చెబితే మేస్త్రులు వింటారు. ఇంటివాళ్లు చెబితే ‘అన్ని ఇళ్లూ ఇట్లనే కడ్తం’ అంటారు.

ర్యాంపు విషయంలో చిక్కుంది, దాచడం లేదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. రెండు అడుగుల బేస్‌మెంట్‌కు ఇరవై నాలుగు అడుగులన్న మాట. అరవై, డెబ్బై గజాల జాగాలో అంత ఎక్కడిది? బేస్‌మెంట్ తగ్గించమని చెప్పడానికీ భయమే. 2023 జూలై వరదలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగిపోవడం చూశాం. కాబట్టి ముగ్గు పోసేటప్పుడే ఇంటిని ఓ పక్కకు జరిపి, గోడ వెంట ర్యాంపు తిప్పి తీసుకురావాలి. మధ్యలో మలుపు దగ్గర కుర్చీ తిరిగేంత చదును ఉండాలి. ముగ్గు అయితే చెరిపి మళ్లీ పోయొచ్చు. పునాది తవ్వాక ఎవరు జరుపుతారు?

అపార్ట్‌మెంటు పద్ధతిలో కట్టే చోట కింది అంతస్తు డ్రాలో కలపొద్దని నా మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇళ్ల పథకాల్లో 5 శాతం వాటా ఇవ్వమంది. ఆ వాటా మూడో అంతస్తులో ఇస్తే ఏం లాభం? ముందుగా వికలాంగులకు, ముసలివాళ్లకు కింది ఇళ్లు రాసి, మిగిలినవే డ్రాకు పెట్టాలి.

ఇంకొకటి. మా అక్క కొడుకు ఇంగ్లండులో కట్టుబడి పనిలో ఉన్నాడు. అక్కడ ఎక్స్‌ట్రా కేర్ అనే ఇళ్లు ఉంటాయట. ముసలివాళ్లకు ఎవరి ఇల్లు వారిదే, ఎవరి తాళం వారిదే. సాయం చేసే మనుషులు మాత్రం రాత్రీ పగలూ అదే ఆవరణలో ఉంటారు. వృద్ధాశ్రమం అంటే మన దగ్గర ఎవరూ లేనివాళ్లు పోయే చోటు అనుకుంటాం. ఆసరా లేని ముసలివాళ్లకు జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి సరిపడా, ప్రభుత్వం కట్టొచ్చని 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం చెబుతోంది, అది ఉండాల్సిందే. కానీ పిల్లలు హైదరాబాద్‌లోనో దుబాయిలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా మిగిలిన తల్లులు ఆశ్రమానికి పోరు. పోనవసరమూ లేదు. కొత్త కాలనీలో ఒక బ్లాకు కింది అంతస్తంతా వాళ్లకే ఇచ్చి, ఒక ఇల్లు వంటకు, ఇంకొకటి చూసుకునే మనిషికి ఉంచి, బస్తీ దవాఖాన నర్సు వారానికి రెండుసార్లు వచ్చేలా చేస్తే చాలు. ప్లాను గీసే రోజే ఆ నర్సును, అంగన్‌వాడీ టీచరును, ఒకరిద్దరు ముసలివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. మా సైటు మీటింగుల్లో సిమెంటు, సెంట్రింగ్, బిల్లులు తప్ప ఇంకో మాట ఎప్పుడూ రాలేదు.

నిన్నటికి మా ఊళ్లో పదకొండు ఇళ్లకు ముగ్గులు పడ్డాయి. నాలుగింట్లో అరవై దాటిన ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒకామె కర్ర పట్టుకుని నడుస్తుంది. ఆ నాలుగు చోట్లా ఇంకా బేస్‌మెంట్ పడలేదు. సంబంధిత ఇంజనీరు గారు ఈ వారంలో వస్తే నేను టేపు పట్టుకుని వెంట తిరుగుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్,
హసన్‌పర్తి మండలం, హనుమకొండ జిల్లా