పేరు అడగని ఆటో అన్నయ్యకు

నాన్న అస్థికలతో రాజమండ్రి కోటిలింగాల రేవులో దిగుతుంటే మెట్ల మీదే అమ్మ కళ్లు తిరిగి కూలబడింది. మీరు పరుగెత్తుకొచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్లి, సెలైన్ ఎక్కినంతసేపూ బయటే కూర్చున్నారు. డబ్బులిస్తే, "నాన్నగారి పని మీదొచ్చారు, వద్దండి" అన్నారు.

నాన్నా ఇంతే. ఆత్రేయపురంలో పది పెట్టెల పూతరేకులు కొంటే ఇంటికి చేరేది ఒకటి; మిగతావన్నీ బస్సులో పక్క సీట్లవాళ్లకీ కండక్టరుకీ. 2015 పుష్కరాలప్పుడు ఇదే రేవులో ఊరూ పేరూ తెలియనివాళ్లకి పులిహోర పంచేసి, ఆకలితో ఉన్న మాకు ఖాళీ డబ్బా చూపించి పకపకా నవ్వాడు. (అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు.) మనవళ్లతో పేకాడి కావాలని ఓడి, దొంగేడుపు ఏడ్చేవాడు.

అన్నయ్యా, కృతజ్ఞతలు. అమ్మ కోలుకుంది. నిన్న నాన్న ఫొటో ముందు పూతరేకులు పెట్టి, మీ సంగతంతా ఆయనకి చెప్పింది.