బాలింత ఆయాసం గురించి ఆరోగ్యశాఖ మంత్రిగారికి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను కోనసీమలో హైస్కూలు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వైద్యం చదువుకున్న దాన్ని కాను. మా చెల్లెలి కూతురికి బాలింతగా ఉండగా ప్రాణం మీదికి వచ్చింది. అప్పటి నుంచి మీకు ఈ లేఖ రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

అమ్మాయికి తొలి కాన్పు. పుట్టిల్లు గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. ప్రసవం సుఖంగా జరిగింది. ఐదో వారంలో రాత్రిళ్లు దగ్గు పట్టుకుంది. పడుకుంటే ఎక్కువయ్యేది, లేచి కూర్చుంటే సర్దుకునేది. పాదాలు పొంగి, పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. పచ్చి బాలింత కదా, చలిగాలి తగిలిందన్నారు ఇంట్లో పెద్దలు. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కాయం తినిపించాం, చెవులకు గుడ్డ కట్టాం. దగ్గరి ఆస్పత్రిలో ఒకసారి దగ్గు మందు ఇచ్చారు, రెండోసారి ఉబ్బసమని పీల్చే మందు రాశారు. ఆ వారమంతా పిల్ల వసారాలో స్తంభానికి వీపు ఆనించి, ఒళ్లో బిడ్డతో, కూర్చునే కునుకు తీసింది. ఆమె పడుకోలేకపోతోందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎందుకని ఒక్కరమూ అడగలేదు.

ఒక తెల్లవారుజామున నోట నురగ పడితే పడవ మీద రేవు దాటించి, పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. గుండె ఎడమ గదిలోని రక్తంలో సగానికి పైగా ప్రతి దెబ్బకూ బయటికి పోవాలట. ఆమెకు పోతున్నది పాతిక శాతం. పెరిపార్టమ్ కార్డియోమయోపతి అన్నారు. గుండె జబ్బు ఎరగని ఆడపిల్లకు కూడా నెలలు నిండే సమయంలోనో, కాన్పయిన ఐదు నెలల లోపో గుండె కండరం నీరసించిపోతుంది. సకాలంలో పట్టుకుంటే చాలామంది మందులతోనే కోలుకుంటారు. మా అమ్మాయి కోలుకుంది. మళ్లీ గర్భం వస్తే తిరగబెట్టవచ్చు కాబట్టి గుండె డాక్టరును అడగకుండా రెండో బిడ్డ మాట తలపెట్టవద్దన్నారు.

మంత్రిగారూ, ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. 42వ రోజుతో ఆ సందర్శనలు ముగుస్తాయి. మూడో నెల నుంచి మళ్లీ వచ్చేది ముఖ్యంగా బిడ్డ ఎదుగుదల చూడటానికి. మా ఊరి ఆశా కార్యకర్త తప్పకుండా వచ్చింది, బిడ్డను తూచింది, జ్వరం చూసింది. ఆమెను నేను ఒక్క మాట అనను. తల్లి ఆయాసం గురించి అడగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతోందా అమ్మా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?’ ఈ రెండు ప్రశ్నలు ఐదో నెల దాకా ప్రతి సందర్శనలోనూ తప్పనిసరి చేయండి. ఊపిరి ఆడటం లేదని తల్లి చెబితే దగ్గు మందుతో సరిపెట్టకుండా ఆ రోజే డాక్టరు చూడాలి, ఎకో తీయాలి. అందుకు ఏరియా ఆస్పత్రుల్లో యంత్రంతో పాటు దాన్ని చదవగల మనిషి కూడా ఉండాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పెద్దాస్పత్రి గడప తొక్కాక ఆదుకుంటుంది. ఫలానా జబ్బని తెలిస్తేనే కదా ఆ గడప తొక్కేది!

పసిపిల్లల సంగతీ ఇంతే. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. పుట్టిన 24 గంటల తర్వాత కుడి చేతికీ ఒక కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే, రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కన్నా తక్కువ ఉన్నా, రెండింటి మధ్య తేడా 3 శాతం దాటినా గుండె లోపాన్ని అనుమానించవచ్చు. కోవిడ్ నాటి క్లిప్పులు పెద్దల వేళ్లకు చేసినవి. శిశువు పాదానికి చుట్టే ప్రోబ్ కాన్పులు జరిగే ప్రతి చోటా ఉండాలి. అయినా అన్ని లోపాలూ దానికి దొరకవు. గుండెలో రంధ్రం ఉన్న చాలామంది పిల్లలు నీలంగా మారరు. నెల దాటాక రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగి వదిలేస్తారు, మళ్లీ పడతారు, నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలుస్తుంది. ‘ఉక్కపోత’ అనుకుంటారు తల్లులు. మా కోనసీమలో ఉక్కపోతకు కొదవా!

బడిలో నేను చూసిన ఇంకొకటి కూడా చెప్పాలి. గొంతు నొప్పి వచ్చిన కొన్ని వారాలకు మోకాలు, అది తగ్గి చీలమండ, ఇలా కీళ్లు మారుతూ వాచిన పిల్లలుంటారు. వాళ్లలో కొందరికి గుండె వాల్వు దెబ్బతింటుంది. రుమాటిక్ జ్వరం అనే ఈ జబ్బు తిరగబెట్టకుండా మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించుకోవాలి. రియాక్షన్ భయంతో వేయడానికి వెనకాడే చోట్లు ఉన్నాయి. అలా మానేసిన ఆడపిల్లకు వాల్వు దారి సన్నబడితే, గర్భంలో రక్తం దాదాపు సగం పెరిగినప్పుడు ఆ గుండె తట్టుకోలేదు. పిల్లల ఆరోగ్య తనిఖీకి 2013 నుంచి బడులకు వస్తున్న బృందాలు కీళ్ల నొప్పుల గురించి కూడా అడగాలి.

చివరగా లంకల మాట. పి.గన్నవరం మండలం బూరుగులంక రేవులో వేసుకున్న బాట గోదావరి పొంగితే కొట్టుకుపోతుంది. నాలుగు ఊళ్లకు పడవే దిక్కవుతుంది. వరద ముందు నెలలు నిండిన గర్భిణులను ఒడ్డుకు చేరుస్తున్నారు, సంతోషం. ఆ జాబితాలో ఐదు నెలల లోపు బాలింతలనూ, గుండె జబ్బు తేలిన పిల్లలనూ ఈ జులై లోపే చేర్చండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు, కోనసీమ