నువ్వు ఒత్తిగిలి పడుకునే పిల్లవి

పెరంబూరు, చెన్నై
ఆదివారం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోనులో “ఏదో ఒక పరుపు తెప్పించుకుంటాను నాన్నా, ఎక్కువమంది కొన్నదే చూసి” అన్నావు. నేను సరేనన్నాను. ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పురసవాకంలో పరుపుల కొట్లో నిలబడి పనిచేసినవాణ్ణి. నా కూతురు బెంగళూరులో సన్నపాటి పరుపు వేసుకుని పడుకుంటోందనీ, తెల్లవారేసరికి కుడి చెయ్యి తిమ్మిరెక్కి లేస్తోందనీ విని కూడా సరేనని ఊరుకోవడం ఏమిటి? ఫోనులో చెబితే సగం విని పని ఉందంటావు. అందుకే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

నువ్వు ఒత్తిగిలి పడుకునే పిల్లవి. చంటిదానివిగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి అటు తిరిగేలోగా కుడిపక్కకు తిరిగిపోయేదానివి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడూ చూశాను. అదే తీరు: మోకాళ్ళు ముడుచుకుని, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని. వెల్లకిలా పడుకున్నవాళ్ళ బరువును వీపంతా పంచుకుంటుంది. పక్కకు పడుకున్నవాళ్ళ బరువులో చాలా భాగం భుజం మీద, తుంటి మీద పడుతుంది. ఆ రెండు చోట్లా పరుపు లోపలికి దిగనివ్వాలి, నడుము దగ్గర కిందినుంచి ఆసరా ఇవ్వాలి. దిగనివ్వకపోతే భుజం కింద నరాలు నొక్కుకుపోతాయి, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఎక్కువమంది కొన్నారన్న మాటకు నీ భుజంతో సంబంధం లేదు తల్లీ.

ఇది నాకు కొట్లో తెలిసిన సంగతి కాదు. ఇంట్లో తెలిసింది. నేను పని మానేసిన ఏడాది, ధనుర్మాసంలో ఒకరోజు నాలుగింటికి మెలకువ వచ్చింది. మంచం మీద మీ అమ్మ లేదు. దీపం పెట్టడానికి లేచిందేమో అనుకున్నాను. చూస్తే మంచం పక్కనే నేల మీద చాప, చాప మీద నాలుగు మడతలు పెట్టిన పాత బొంత, దాని మీద భుజం ఆనించి నిద్రపోతోంది. లేపి అడిగాను. “ఆ పరుపు మీద భుజం నొక్కుకుపోతుందండీ, కాసేపటికి దిగిపోతాను” అంది. ఎన్నాళ్ళనుంచి అంటే, లెక్క చెప్పలేకపోయింది. అది నేను తెచ్చిన పీచు పరుపు. కొట్లో పనిచేసేవాడినని ధర తగ్గించి ఇచ్చారు. తెచ్చే ముందు దాని మీద పడుకుని చూసింది నేను. నా నడుముకు బాగుందని తెచ్చాను. మీ అమ్మను ఒక్కమాట అడగలేదు.

అప్పటినుంచి కొట్టుకు వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు. భార్యాభర్తలు కలిసి వచ్చేవారు. భర్త చెప్పులు విడిచి పరుపు మీద వాలి, అటూ ఇటూ దొర్లి చూసేవాడు. భార్య నిలబడి అరచేత్తో రెండుసార్లు నొక్కి ‘బాగుంది’ అనేది. నలుగురి మధ్య ఆడవాళ్ళు ఎలా పడుకుంటారు అని నేనూ అడిగేవాణ్ణి కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని ఇళ్ళకు అలా పరుపులు పంపి ఉంటానో! ఆ ఇళ్ళలో ఎంతమంది చాప మీదకు దిగి పడుకున్నారో!

అందుకని నువ్వు సిగ్గుపడకు. మీ రింగ్ రోడ్డు వెంట పరుపుల కొట్లు ఉన్నాయిగా, సెలవు రోజు పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, చుడీదారు వేసుకుని వెళ్ళు. నీ గదిలో ఉండే స్నేహితురాలిని వెంట తీసుకెళ్ళు. చెయ్యి పెట్టి నొక్కితే తెలిసేది చేతికే. నువ్వు ఇంట్లో ఎలా పడుకుంటావో అలాగే కుడిపక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకో. తక్కువలో తక్కువ పదిహేను నిమిషాలు. సేల్స్‌మన్ పక్కనే నిలబడితే కాసేపు వెళ్ళమని చెప్పు, వెళ్తాడు. నీ స్నేహితురాలిని వెనకనుంచి ఒక ఫోటో తియ్యమను. మెడ నుంచి నడుము కింది వరకు వెన్ను నిటారుగా ఒకే గీతలా కనిపించాలి. నడుము కిందికి జారి గీత వంగితే పరుపు మరీ మెత్తన. భుజం పైకి తన్నినట్టుంటే మరీ గట్టిది. తర్వాత ఒకసారి వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చి చూడు. చెయ్యి వదులుగా అటునుంచి ఇటు పోతే గట్టిది, అసలు దూరకపోతే మెత్తనిది, కొంచెం ఒరుసుకుంటూ పోతే సరైనది.

నడుముకు గట్టి పరుపే మంచిదని నీకు చాలామంది చెబుతారు. నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను, నమ్మే చెప్పాను. కానీ 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ వైద్యుల పరిశోధన ఒకటి వచ్చింది. ఎంతోకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చి తొంభై రోజులు చూశారు. మధ్యరకం వాడినవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గింది. ‘ఆర్థోపెడిక్’ అని రాసి ఉంటే తొందరపడి నమ్మకు. మా కొట్లో చేతికి గట్టిగా తగిలిన ప్రతి పరుపునూ ఆ పేరుతోనే అమ్మేవాళ్ళం.

నువ్వు అడిగిన మెమరీ ఫోమ్ సంగతికి వస్తాను. అది మొదట పడక కోసం పుట్టింది కాదు. 1966లో నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు దీని తయారీలో పాలుపంచుకున్నాడు. విమానం సీటులో కూర్చున్న మనిషికి దెబ్బ తగలకుండా, ఎవరు కూర్చుంటే వారి ఒంటి తీరుకు ఒదిగే మెత్త కావాలన్నది వాళ్ళ అవసరం. దాన్ని పరుపుగా చేసి స్వీడన్ కంపెనీ ఒకటి 1991లో అమ్మకానికి పెట్టింది. దాని గుణమంతా రెండు విషయాల్లో ఉంది: బరువుకు నెమ్మదిగా ఒదుగుతుంది, ఒంటి వేడికి మెత్తబడుతుంది. మొదటిసారి కొట్టుకు నమూనా ముక్క వచ్చినప్పుడు దాని మీద అరచెయ్యి అదిమి తీశాను. అయిదు వేళ్ళ అచ్చు పడింది. మామూలు ఫోమ్ చెయ్యి తీయగానే పైకి లేస్తుంది. ఇది మణికట్టు వైపు మొదలుపెట్టి, వేళ్ళ చివరల వరకు మెల్లగా పూడుకుంటూ వచ్చింది. చిటికెన వేలు అచ్చు అన్నిటికన్నా చివర పోయింది. నువ్వూ అలాగే చేసి చూడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే పూడుకుపోతే అది పేరుకే మెమరీ ఫోమ్.

వేడికి మెత్తబడుతుందన్నాను కదా, అందుకే ఊరు కూడా చూసుకోవాలి. మన చెన్నైలో మే నెల రాత్రి ఉక్కలో అది మరీ మెత్తబడుతుంది, మనిషి అందులో దిగిపోతాడు, ఒంటి చుట్టూ గాలి ఆడదు, చెమట పడుతుంది. ఇక్కడ దీన్ని కొన్నవాళ్ళలో కొందరు వేసవిలో వచ్చి నాతో మొరపెట్టుకునేవారు. నీకు ఆ బాధ తక్కువ. కానీ బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి. పడుకోగానే అట్టలా గట్టిగా తగులుతుంది. కంగారు పడకు, కొద్ది నిమిషాల్లో నీ ఒంటి వేడికి ఒదుగుతుంది. అందుకే కొట్లోనూ పడుకోగానే తీర్పు చెప్పెయ్యవద్దు.

ఇప్పుడు లోపలి సంగతి. మెమరీ ఫోమ్ పరుపంటే అడుగునుంచి పైదాకా అదే ఉండదు. పైన రెండు మూడు అంగుళాలు మెమరీ ఫోమ్, కింద ఆసరాకు గట్టి ఫోమ్. కొందరు పైన అర అంగుళం పొర వేసి ఆ పేరు పెట్టేస్తారు. అందుకని పేరు అడగవద్దు, మెమరీ ఫోమ్ ఎన్ని అంగుళాలు, దాని సాంద్రత ఎంత అని అడుగు. సాంద్రత అంటే ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. యాభై ఉంటే నిక్షేపంలా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, నలభైకి తగ్గితే నువ్వు రోజూ పడుకునే చోటే ముందుగా గుంట పడుతుంది. సాంద్రతకూ గట్టిదనానికీ సంబంధం లేదు, దాన్నీ దీన్నీ కలిపి చెబుతారు జాగ్రత్త. నీ మంచం కొలత 78 అంగుళాలు, 36 అంగుళాలు అన్నావు. ఆ కొలతకు యాభై సాంద్రత ఉన్న రెండు అంగుళాల పొర ఒక్కటే సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. మొత్తం ఆరు అంగుళాల పరుపు పది కిలోలు దాటుతుంది. ఇంటికి వచ్చిన కట్ట ఒంటి చేత్తో పుల్లలా లేచిందంటే నాకు ఫోను చెయ్యి. కొలత మాత్రం మంచం లోపలి అంచునుంచి లోపలి అంచుకు మళ్ళీ ఒకసారి తీసుకో. తొందరలో బయటి అంచులు కొలిచి పరుపు పట్టక బాధపడినవాళ్ళను చాలామందిని చూశాను.

కొన్ని కంపెనీలు వంద రాత్రులు వాడి చూసి నచ్చకపోతే వెనక్కి ఇవ్వమంటున్నాయి. ఆ షరతు కాగితం మీద చూసుకుని తీసుకో. ఒళ్ళు కొత్త పరుపుకు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా చెయ్యి తిమ్మిరెక్కుతుంటే మొహమాటపడకుండా ఇచ్చెయ్యి.

వచ్చాక కవరు కత్తితో కొయ్యవద్దు, కత్తెరతో అంచు మాత్రం కత్తిరించు. చుట్టి, గాలి తీసి పంపుతారు కాబట్టి పూర్తిగా పొంగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కొత్త ఫోమ్ వాసన ఉంటుంది, కిటికీలు తెరిచి ఉంచు. దూది పరుపులా మేడ మీద ఎండలో వెయ్యవద్దు, ఫోమ్ ఎండకు పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. నీళ్ళు పడితే తొందరగా ఆరదు, కాబట్టి తడి దిగని గలీబు తొడుగు. తిరగెయ్యకు, పైన ఉన్న పొర పైనే ఉండాలి. మూడు నెలలకు ఒకసారి తలవైపు, కాళ్ళవైపు మార్చు. నేల మీద మాత్రం వెయ్యవద్దు, అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది. మంచానికి చెక్క పట్టీలుంటే వాటి మధ్య సందు మూడు అంగుళాలు మించకూడదు.

ఇంకొకటి. పరుపు మారితే దిండు కూడా మారాలి. ఒత్తిగిలి పడుకున్నప్పుడు భుజం అంచుకూ చెవికీ మధ్య ఉన్న ఎడాన్ని దిండు నింపాలి. కొత్త పరుపులో నీ భుజం దిగుతుంది కాబట్టి ఆ ఎడం తగ్గుతుంది. ఇప్పుడు వాడుతున్న దిండు అప్పుడు ఎత్తవుతుంది, మెడ పట్టేస్తుంది. అందుకని మీ అమ్మా నేనూ నిన్న వెళ్ళి బూరుగు దూది కొనుక్కొచ్చాము, ఇక్కడివాళ్ళు ఇలవం పంజు అంటారే, అది. మీ అమ్మ గింజలు, పుల్లలు ఏరి రెండు దిండ్లు కుట్టింది. ఇల్లంతా దూది ఎగిరి ఇప్పటికీ నా కళ్ళజోడు మీద ఉంది. తనూ ఇప్పుడు మెత్తని పరుపు మీదే పడుకుంటోంది. దాన్ని కొనేటప్పుడు నేను కుర్చీలో కూర్చున్నాను, తనే పడుకుని చూసుకుంది.

మేడ మీదవాళ్ళ అబ్బాయి బుధవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు, దిండ్లు అతనికి ఇచ్చి పంపుతున్నాము. స్టేషనుకు వెళ్ళి తీసుకో. దూది కావాలనే కొంచెం ఎక్కువ పెట్టాము. పరుపు మీద రెండు రాత్రులు పడుకున్నాక ఎత్తు చూసుకుని పిడికెడు పిడికెడు తీసేసుకో. ఎర్రదారం ఉన్న వైపు కుట్లు మీ అమ్మ వదులుగానే వేసింది.

నాన్న